మౌనమఠములపై మోపిన నేరము

గత మాసమున మా సామర్లకోటలో ఒక సన్మానసభ జరిగినది. ఆసుపత్రులలో రోగులకు శుశ్రూష చేసిన కన్యాస్త్రీలను గౌరవించుటకై ఏర్పరచిన సభ. పోవలసిన సభ గనుక నేనును పోయితిని. అయితే ప్రధానవక్తగా వచ్చిన విద్యాధికులొకరు, సేవచేయు కన్యాస్త్రీలను పొగడుటతో ఆగక, అదే మతములో తలుపులు మూసికొని, ఇనుపకటకటాల వెనుక, జపధ్యానములతో జీవితాంతము గడపు స్త్రీలను ప్రస్తావనకు దెచ్చి, వారు తిండికి చేటు, నేలకు బరువు అనియు, డొక్కా సీతమ్మగారు నడచిన గోదావరిగడ్డపై అట్టి సోమరితనమునకు తావుండరాదనియు తీర్మానించిరి. సభలో చప్పట్లు మ్రోగినవి. ఆ చప్పట్లే నాచేత ఈ వ్యాసమును వ్రాయించుచున్నవి. ఒక్కరి నోటినుండి జారిన మాటను ఉపేక్షింపవచ్చును గాని, నిండుసభ ఔనని తలయూపిన మాటను ఉపేక్షించుట తగదు.

నేను కతోలికుడను కాను. భీమేశ్వరుని గుడిగంట వినుచు పెరిగినవాడను. అయినను ఆ మాట నాకు ములుకువలె తగిలినది. ఏలయన అది ఒక్క మతమువారిపై విసరిన రాయి కాదు. దేవునికొరకు మౌనముగా కూర్చుండు హక్కు ఆడుదానికి లేదనెడి పాతబుద్ధి, సేవాధర్మమను మంచిపేరు పెట్టుకొని మన నడుమ తిరుగుచున్నది.

వక్తగారి వాదమును ఆధునికభావమని సభ్యులు తలచినట్లున్నారు. అది రెండువందల నలుబది యేండ్లనాటి పాతసరకు. ఆస్ట్రియాను ఏలిన రెండవ జోసెఫు చక్రవర్తి 1782 జనవరిలో శాసనము చేసి, బడి నడపని, రోగిని చూడని, ప్రజలకు పనికివచ్చు పని యేదియు చేయని మఠములన్నియు రద్దు కావలెనని ఆజ్ఞాపించెను. కార్మెలు సభ సన్యాసినులు, క్లారమ్మ సభ సన్యాసినులు మొదటి వ్రేటునకే ఇల్లు విడువవలసివచ్చెను. అతని ఏలుబడిలో మూతపడిన మఠములు ఏడువందలకు పైమాటయే. సామర్లకోట సభలో మనము చప్పట్లు కొట్టినది ఆ శాసనమునకే.

ఫ్రాన్సులో విప్లవము వచ్చిన తరువాత 1790 ఫిబ్రవరిలో అచ్చటి శాసనసభ సన్యాసవ్రతములను చెల్లనివిగా ప్రకటించినది. ఆ వేసవి కడపట అధికారులు కాంపియేను పట్టణములోని కార్మెలు మఠమునకు పోయి, లోపలివారినందరిని విడివిడిగా పిలిచి, మఠపు పెద్దమ్మ ఎదుట లేకుండ, బయటికి పోవ నిష్టమున్నదా యని అడిగిరి. బందిఖానా తలుపు తెరచి పొమ్మనుచున్నామని వారి నమ్మకము. ఒక్కరును పోదుమనలేదు. నాలుగేండ్లు గడచిన పిమ్మట, 1794 జూలై 17న, ఆ మఠమువారిని పదునార్గురను పారిసులో కత్తిమ్రాను కెక్కించిరి. అందరిలో చిన్నదియైన నోవీసు, అనగా ఇంకను శిక్షణలోనున్న కన్య, మొదట పోయినది. ఒక్కొక్కరే వచ్చి పెద్దమ్మ యెదుట మోకరిల్లి, మరణించుటకు సెలవు గైకొని మెట్లెక్కిరి. పెద్దమ్మ చిట్టచివర పోయినది. మరి పదునొకండు దినములకు విప్లవనాయకుడు రోబెస్పియరు తలయు అదే విధముగా తెగినది. ఆ పదునార్గురను రోము పీఠము 2024 డిసెంబరులో పునీతులుగా ప్రకటించినది. వీరినా మనము సోమరులనుట?

ఇక ఊరికి భారమను మాట. దీని పుట్టుక ఇంకను పాతది. స్పెయిను దేశపు అవిలాపురిలో 1515లో పుట్టిన తెరేజమ్మ 1535లో కార్మెలు సభవారి మనుష్యావతార మఠమున చేరెను. అచ్చట నూటయేబదికి పైగా స్త్రీలుండిరి. కలవారి బిడ్డలకు వేరుగదులు, పరిచారికలు, లేనివారికి ఉమ్మడిపడక, మాటలగదిలో ఎడతెగని రాకపోకలు. ప్రార్థనకని వచ్చినచోట ప్రార్థన తప్ప తక్కినవన్నియు జరుగుచున్నవని ఆమె బాధపడినది. పలువేండ్లు ఆలోచించి, రోమునుండి అనుమతి తెప్పించుకొని, 1562 ఆగస్టు 24న, నలుగురు కన్యలతో, పునీత జోజప్పగారి పేర ఒక చిన్నయింట క్రొత్తమఠమును నెలకొల్పినది. శాశ్వతమైన ఆదాయముండరాదు, ఎవరికిని సొంతమనునది యుండరాదు, దొరసానియైనను కూలివాని కూతురైనను ఒకటే పంక్తి, సంఖ్య పదుమూటిని మించరాదు. తరువాతి కాలమున ఆ సంఖ్యను ఇరువదియొకటి వరకు పెరుగనిచ్చిరి.

ఆ మఠము తలుపు తెరచిన మరునాటికే ఊరిపెద్దలు కూడిరి. ఆదాయములేని ఆడువాండ్ర యిల్లు ఊరికి బరువగుననిరి. పేదలకు పోవలసిన భిక్షము వీరు తిందురనిరి. మఠమువారి కట్టడపు నీడ ఊరి నీటితూముల మీద పడునని ఇంకొక వ్యాజ్యెము తెచ్చిరి. తెరేజమ్మను పాతమఠమునకు వెనుకకు పిలిపించిరి. ఆ నలుగురు పిల్లలను మాత్రము తలుపు తట్టినను, బెదరించినను కదలింపలేకపోయిరి. నిండుసభలో ఆమె పక్షమున దృఢముగా నిలిచిన వాడు డొమినికు సభకు చెందిన బానేసు అను యువగురువు. మఠమునకు ఆదాయముండుటయే మేలని అతని సొంత అభిప్రాయము. అయినను అంతమాత్రమునకే దానిని కూలద్రోయుట అన్యాయమని అతడు పలికెను. మా సభలో అట్టివాడొక్కడైనను లేకపోయెను. నేనును ఆనాడు లేచి మాటాడలేదు. అందుకే ఇప్పుడీ వ్రాత.

పదుమువ్వురు స్త్రీలు ఊరికి బరువా? ఆనాడు అవిలాలో ఎందరు ప్రభువులు, ఎందరు పెత్తందారులు పనియన్నది యెరుగక కాలము పుచ్చుచుండిరో ఊరిపెద్దలు లెక్కవేయలేదు. మన గోదావరిజిల్లాలలో అరుగుల మీద పేకముక్కలతో ప్రొద్దుపుచ్చువారిని, పందెపుకోళ్ల కొరకు పొలములమ్ముకొన్నవారిని ఏ వక్తయు నేలకు బరువని సభలో నిందింపడు. లెక్క యెప్పుడును ఒక పూట తిని నేలమీద పరుండు స్త్రీ దగ్గరనే మొదలగును!

వారు తిను తిండి ఎట్టిదో, ఎట్లు వచ్చునో చెప్పెదను. తెరేజమ్మ వ్రాసిన నియమావళిలో చేతిపని ముఖ్యము. నూలు వడుకవలెను, కుట్టవలెను. ఇంత చేసి తీరవలెనని కొలత పెట్టరాదు. వచ్చిన వెలతో తృప్తిపడవలెను. పని నెపమున కబుర్లకు చోటియ్యరాదని ఉమ్మడి పనిగది వలదని, ఎవరి గదిలో వారు పనిచేయవలెనని ఆమె విధించినది. మాంసము లేదు. సెప్టెంబరు 14న వచ్చు సిలువ పండుగ మొదలుకొని ఈస్టరు వరకు ఉపవాసకాలము. దినమునకు రెండుగంటల మౌనధ్యానము, అది గాక వేళవేళకు కీర్తనల పఠనము. ఇంతటి నియమము నడుమ భోజనానంతరము అందరును ఒకచోట చేరి నవ్వుచు మాటాడుకొను వేళను గూడ ఆమె శాసించినది. ముఖము ముడుచుకొన్న భక్తి ఆమెకు సరిపడదు.

నేడు ఇట్టి మఠములలో పెక్కింట పూజకు కావలసిన అప్పములను చేయుదురు. గోధుమపిండి, నీరు తప్ప మరేమియు కలుపరాదు. ఆ పలుచని జావను కాగిన రెండు ఇనుపపలకల నడుమ పోసి అదిమిన క్షణములో కాగితమంత పలుచని తెల్లని రేకు వచ్చును. వెంటనే కోసినచో పెళుసై పగిలిపోవును. కావున దానిని చెమ్మతగులు చోట నిలువయుంచి, మెత్తబడినపిమ్మట గుండ్రముగా కోసి, అంచు విరిగినదానిని, మచ్చపడినదానిని ఏరి వేరుచేసి, లెక్కపెట్టి సంచులకెత్తుదురు. ఇంత పని మాటలేకుండ సాగును. ఆదివారమునాడు గుడిలో ఆ అప్పమును నాలుకపై అందుకొను వారిలో ఎందరు దానిని చేసిన చేతులను తలచుకొందురు? నేలకు బరువట! ఆ బరువును మోయుచున్నది వారి చేతులే.

ఇక నా అసలు ఫిర్యాదునకు వచ్చెదను. బొబ్బిలి చేరువ కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతిముని, సకలశాస్త్రములు చదివి, మంత్రజపములు కోట్లకొలది చేసి, శాంతి దొరకక, 1907లో అరుణాచలపు కొండయెక్కి, విరూపాక్షగుహలో పలుకక కూర్చుండిన యువకుని పాదములపై పడి, తపస్సనగా నేమని అడిగెను. వచ్చిన సమాధానముతో తృప్తినొంది ఆయనకు రమణమహర్షియని పేరుపెట్టెను. ఆంధ్రదేశము ఆ కథను నేటికిని పరవశించి చెప్పుకొనును, చెప్పుకొనవలెను కూడ. గుహలో కూర్చుండి ఎన్ని బడులు పెట్టితివని, ఎందరు రోగులకు కట్టుకట్టితివని ఆ మహానుభావుని మన పెద్దలెవ్వరును అడుగలేదు. అడిగినవానిని మూర్ఖుడనియుందురు. కొండగుహలో మగవాడు నోరుమూసికొని కూర్చున్న అది తపస్సు. నాలుగుగోడల నడుమ ఆడుది నోరుమూసికొని కూర్చున్న అది సోమరితనము! ఈ రెండునాల్కల న్యాయమును నేను ఏనాడును ఒప్పుకొనలేదు, ఒప్పుకొనను.

మన యింటనే చూడుడు. మధ్యాహ్నము భోజనాలైన పిమ్మట తాతగారు జపమాల పట్టుకొని పడకకుర్చీలో కన్నులు మూసినచో పిల్లలను అల్లరిచేయవద్దని అదలించుదుము. అదే వేళకు నాయనమ్మ దేవుని గదిలో నాలుగు నిమిషములు ఎక్కువ కూర్చుండినచో, కాఫీ పొద్దు దాటిపోయెనని కేకవేయుదుము. ఆమె భక్తి అందరి పనులు తీరిన తరువాత మిగిలిన ముక్కలో నెరవేరవలెను. కన్నతల్లికి, కట్టుకొన్నదానికి ఇయ్యని తీరికను, ముక్కుమొగమెరుగని సన్యాసిని తానై పుచ్చుకొన్నదని తెలిసినపుడు మనకు కలుగు కోపమే ఆ సభలో సేవాధర్మముగా పలికినది. బోధించు స్త్రీని మెచ్చుకొందుము, మన బిడ్డలకు చదువు వచ్చును గనుక; గాయము కడుగు స్త్రీని మెచ్చుకొందుము, గాయము మనది గనుక. మనకేమియు చేయక దేవునితో మాత్రమే ఉండెదననిన స్త్రీ మనకు కంటగింపు.

తరిగొండ వెంగమాంబ జీవితము ఇందుకు సాక్ష్యము. 1730లో పుట్టి, చిన్ననాటనే వైధవ్యము పైబడగా, తల గొరిగించుకొనుటకు ఒప్పుకొనక, ఊరివారి నిందలు పడి, తిరుమలకు చేరి, అచ్చటను సుఖము లేక తుంబురుకోనలో ఏకాంతముగా తపస్సు చేసిన తల్లి ఆమె. బ్రతికియున్న నాళ్లు ఆమెను పనికిరాని విధవగా చూచిన లోకము, నేడు తిరుమలలో నిత్యము వేలకొలది యాత్రికులు అన్నము తిను భవనమునకు ఆమె పేరు పెట్టుకొన్నది. తుంబురుకోనలో ఆమె యెందుకు కూర్చుండినదో ఆనాటివారికి తెలియలేదు.

డొక్కా సీతమ్మగారిని ఎదుటివారిని కొట్టుటకు కర్రగా వాడుకొనుట మరింత అపచారము. లంకల గన్నవరములో ఆ యిల్లాలు వేళకాని వేళ వచ్చినవానికి సైతము విస్తరివేసినది. అంతర్వేది స్వామిని చూడ పల్లకిలో బయలుదేరి, దారిలో ఆకలిగొన్న పెండ్లివారు తన యింటికే వచ్చుచున్నారని విని, యాత్ర మానుకొని వెనుకకు మరలినదని మన ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు. ఆ మహాతల్లి తన వ్రతమునకు తాను కట్టుబడి ఒక్కచోట నిలిచిపోయినది. మరియొక స్త్రీ వేరొక వ్రతమునకు కట్టుబడి ఒక్కచోట నిలిచిన, దానిని తప్పుపట్టుమని సీతమ్మగారు ఏనాడు చెప్పినది?

వారిని బలవంతముగా బంధించినారనెడి అపవాదమును గూర్చి ఎక్కువ చెప్పను. పదునారవ శతాబ్దిలో ట్రెంటు మహాసభయే, మఠమున చేరు ప్రతి కన్యను పీఠాధిపతి గాని ఆయన ప్రతినిధి గాని విచారించి ఆమె యిష్టము తెలిసికొనవలెనని, బలవంతపెట్టినవారిని మతబహిష్కృతులను చేయవలెనని విధించినది. రోము 2018లో ప్రకటించిన నియమముల ప్రకారము, చేరిననాటినుండి కడపటి మాటపట్టు వరకు శిక్షణకాలము తొమ్మిదేండ్లకు తగ్గరాదు. తొమ్మిదేండ్లు తలుపు తెరచియుండు చెరసాల ఎక్కడనున్నది?

మా ఊరి సంగతి మరియొకటి కలదు. కెనడానుండి వచ్చిన బాప్టిస్టు మిషనరీలు 1882లో సామర్లకోటలో వేదాంతపాఠశాల తెరచిరి. సన్యాసవ్రతములను 1521లో ఖండించి, కొన్నేండ్లకు మఠము విడిచివచ్చిన కన్యను వివాహమాడిన లూథరు నాటినుండి ప్రొటెస్టెంటులకు మఠములపై నమ్మకము లేదు. అది వారి సిద్ధాంతము. వారి నిష్ఠను నేను గౌరవింతును. కాని ఆ తగవు వారింటిది. వానప్రస్థమును, సన్యాసమును ఆశ్రమములుగా ఎంచిన మనము దానిని ఎరువు తెచ్చుకొని సభలలో వల్లించుట నాకు అర్థము కాకున్నది.

సేవకు, మౌనమునకు పోటీ పెట్టినవారు చరిత్రను చూడలేదు. తెరేజమ్మనే చూడుడు. ఆమె మౌనమఠముల కొరకు పడిన శ్రమ ఏ సమాజసేవకుడును పడలేదు. 1567 ఆగస్టు 14 అర్ధరాత్రి మెదినా పట్టణము చేరునప్పటికి, మరునాటి పందెములకు ఎద్దులను తోలుకొనివచ్చు వేళ. సన్యాసినులు, ఒకరిద్దరు గురువులు పూజాసామగ్రిని మోసికొని ఆ వీధుల వెంబడి నడచిరి. ఇల్లు చూడగా గోడలు కూలియున్నవి. రాత్రికి రాత్రి మన్ను ఎత్తిపోసి, ఎరువుతెచ్చిన తెరలు కట్టి, తెల్లవారుసరికి పూజ జరిపించినది. గుడికి గోడ సరిగా లేనందున సత్ప్రసాదమునకు కావలివారిని పెట్టి, వారు నిద్రపోవుదురేమోయని భయపడి, తాను రాత్రులు లేచి వెన్నెలలో కిటికీనుండి చూచుచుండెడిది. ఇట్లు ఇరువది యేండ్లలో పదునేడు మఠములు. బండిలో, ఎండలో, జ్వరముతో తిరిగిన ఆమెను రోము రాయబారి యొకడు కుదురులేక తిరుగు ఆడుదని నిందించెను. లోపల కూర్చున్న సోమరి, బయట తిరిగిన కుదురులేనిది. ఆడుదాని విషయమున నింద సిద్ధముగా నుండును. నడత తరువాత వచ్చును. ఆమె 1582 అక్టోబరు 4న మరణించినది. పంచాంగసంస్కరణ వలన మరునాడు అక్టోబరు 15 అయినది. ఆమె పండుగ నేటికిని ఆ దినముననే.

మన దేశమునకు వచ్చినను అదే సాక్ష్యము. మంగుళూరులో కార్మెలు మఠము పెట్టుటకు 1870లో ఫ్రాన్సు దేశపు పో పట్టణమునుండి బయలుదేరిన సన్యాసినులలో ముగ్గురు దారిలోనే చనిపోయిరి. మిగిలినవారిలో ఒకతె గలిలయలో పుట్టి, దాసీపని చేసిన చదువురాని పిల్ల మిర్యాము. ఆమెను 2015లో పునీతగా ప్రకటించిరి. ఆ 1870లోనే మంగుళూరునకు బడులు పెట్టు కార్మెలు కన్యలును వచ్చిరి. వారి స్థాపకురాలు వెరోనికా మాత కొంతకాలము ఆ పో మఠములోనే గడపినది. మన తీరమునకు సేవచేయ వచ్చినవారి సంగతియు అంతే. విశాఖ ప్రాంతమునకు 1846లో గురువులు, 1849లో పునీత జోజప్పగారి కన్యాస్త్రీలు వచ్చినది అన్సీ పట్టణమునుండి. ఆ గురువుల సభ ఏ సలేసు ఫ్రాన్సిసు పేరు పెట్టుకొన్నదో, ఆయనయే అదే అన్సీలో 1610లో విజిటేషను సభను స్థాపించెను. ఆ సభ స్త్రీలు పిమ్మట గోడల లోపలనే ఉండిపోయిరి. లిస్యూపురి చిన్న తెరేజమ్మ పదునైదవయేట మఠమున చేరి, ఇరువదినాల్గవయేట క్షయతో మరణించు వరకు మరల గడప దాటలేదు. ఆమెను 1927లో వేదప్రచారకులందరికిని పాలకురాలిగా ఎన్నుకొనిరి. ఓడలెక్కి దేశదేశములు తిరిగినవారు, కదలని పిల్లను తమ పెద్దగా ఒప్పుకొనిరి. బయటపనిచేయువారికి లేని అభ్యంతరము, చప్పట్లు కొట్టిన మనకెందుకు?

మరి ఏ కొలతతో చూడవలెనని అడుగుదురు. నాకు తోచినంతలో, ఒక జీవితము పట్టుకొన్నదానిని చివరివరకు పట్టుకొన్నదా లేదా, ఇతరుల నోటికూడు తీసినదా లేదా, దగ్గరకు పోయినవానికి కొంత శాంతి దొరకినదా లేదా యని చూచిన చాలును. ఇంతకు మించిన సిద్ధాంతము నావద్ద లేదు. రాకడపోకడలను, రూకలను, రోగులను లెక్కపెట్టు కొలత మాత్రము ఇచ్చట చెల్లదని గట్టిగా చెప్పుచున్నాను.

ఈ వ్యాసము చదువు తండ్రులకు ఒక విన్నపము. ఏ మతమువారైనను సరే. మూడుదినములలో వచ్చిన సంబంధమునకు, వరుని ముఖమైన సరిగా చూడనియ్యక, జీవితాంతపు ముడికి కూతురిచేత ఔననిపించిన తండ్రులు మనలో కోకొల్లలు. అట్టి మనము, నేను దేవుని సన్నిధిని మౌనముగా ఉండగోరుచున్నానని కూతురు చెప్పిన నాడు, నీ బ్రతుకు పాడగునని ఏడ్చి, తలుపు గడియవేయకుందుము గాక. తొమ్మిదేండ్ల గడువున్నది. మొదట ఆమె చెప్పునది కూర్చుండి వినుడు.